అమ్మ ఒడి కారులో రక్ష కాదు

క్లచ్చి లేని కార్లు మన వాకిళ్ళకు వచ్చాయి. వాటితోపాటు తల్లిదండ్రులు నేర్చుకొనవలసిన కొత్త అలవాట్లు కొన్ని ఉన్నాయి.

కొత్త కారు వచ్చిన రోజు తెలుగువారి ఇంట చిన్న పండుగే. భిలాయి ఉక్కునగరంలోనైనా, బెజవాడలోనైనా ఆ తంతు ఒక్కటే. బానెట్టుపై పసుపు కుంకుమలు, అద్దం మీదుగా పూలదండ, గుమ్మం ముందు కొబ్బరికాయ, నాలుగు చక్రాల క్రింద నాలుగు నిమ్మకాయలు. ఇంటి పిల్లలతోపాటు వీధిలోని పిల్లలందరూ చేరి, నిమ్మకాయ ఎప్పుడు చిట్లుతుందా అని కారు ముందు వంగి చూస్తూ ఉంటారు. స్టీరింగు వద్ద కూర్చున్న యజమాని ఎన్నో ఏళ్ళు స్కూటరు నడిపి, ఆ తరువాత క్లచ్చి ఉన్న పాత కారుకు అలవాటు పడినవాడు. ఈ కారుకు క్లచ్చి లేదు. ఆ క్షణంలో ఆ పిల్లలు నిలబడిన చోటు ఎంత ప్రమాదకరమైనదో అక్కడి పెద్దలకు తోచదు.

పిల్లలకు కారు వలన కలిగే ప్రమాదాలు రెండు విధాలు. కారు లోపల కూర్చున్నప్పుడు కలిగేవి కొన్ని. నిలిచిన కారు చుట్టూ తిరిగేటప్పుడు, అందులోకి ఎక్కి ఆడుకునేటప్పుడు కలిగేవి కొన్ని. ఆటోమేటిక్ గేర్ల కారు కొన్న ప్రతి ఇంటివారూ ఈ రెండింటినీ కలిపి ఆలోచించవలసి ఉన్నది.

సైకిలు నాటి ఊరు

సోవియట్ యూనియన్ సహకారంతో ఉక్కు కర్మాగారం నిర్మించడానికి 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ భిలాయిలోని మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించారు. నాడు మధ్యప్రదేశ్‌లో భాగమైన ఆ నగరం 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి బ్రతుకుతెరువుకై వచ్చిన తెలుగు కుటుంబాలు తరాల తరబడి అక్కడే స్థిరపడ్డాయి. సెక్టర్లుగా విభజించిన ఆ టౌన్‌షిప్పు సైకిళ్ళ కాలంలో రూపొందినది. తరువాత స్కూటర్లు, వాటి వెనుక కార్లు వచ్చాయి. కారు నిలిపే చోటూ, పిల్లలు ఆడుకునే చోటూ చాలా ఇళ్ళ వద్ద ఒక్కటే అయింది.

ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారికి భద్రత కొత్త మాట కాదు. తలపై హెల్మెట్టు, కాళ్ళకు గట్టి బూట్లు లేకుండా లోపల పనిలోకి దిగరు. అయితే అదే మనిషి సాయంత్రం సివిక్ సెంటరుకు కారులో బయలుదేరినప్పుడు, ముందు సీటులో భార్య ఒడిలో పసిబిడ్డ, వెనుక సీట్ల మధ్య నిలబడి ముందుకు తొంగిచూసే పెద్దపిల్ల కనిపిస్తారు. ఇది ఒక్క భిలాయి అలవాటు కాదు, దేశమంతటా ఉన్నదే. దగ్గరే కదా, మెల్లగా పోదాం కదా అన్నదే అందరూ చెప్పుకునే సమాధానం.

లెక్క చెప్పే నిజం

మెల్లగా అంటే ఎంత? గంటకు 50 కిలోమీటర్ల వేగమే అనుకుందాం. ఆ వేగంతో పోతున్న కారు దేనినైనా ఢీకొని ఆగిపోతే, లోపల కట్టుబాటు లేని మనిషి ఆగడు. అదే వేగంతో ముందుకు పోతాడు. ఆ తాకిడి సుమారు 10 మీటర్ల ఎత్తు నుండి, అనగా మూడంతస్తుల మేడ మీది నుండి నేలపై పడినదానితో సమానం.

పది కిలోల బరువున్న ఏడాది బిడ్డను తల్లి ఒడిలో పట్టుకొని ఉన్నదనుకోండి. సెకనులో పదవ వంతు కాలంలో కారు ఆగితే, ఆ బిడ్డను నిలిపి ఉంచడానికి ఆమె చేతులు దాదాపు 140 కిలోల బరువును మోసినంత బలం చూపవలసి ఉంటుంది. ఏ తల్లి ప్రేమకూ అంత బలం చాలదు. తల్లి సీటు బెల్టు పెట్టుకోకపోతే ఆమె దేహమే బిడ్డను డ్యాష్‌బోర్డుకు అదిమివేస్తుంది. ఒకే బెల్టును ఇద్దరి చుట్టూ కట్టడం మరింత హాని; బెల్టుకూ తల్లికీ మధ్య బిడ్డ నలిగిపోతుంది.

ముందు సీటులో మరొక అపాయం ఉన్నది. మన దేశంలో 2021 ఏప్రిల్ నుండి కొత్త నమూనా కార్లలో డ్రైవరు ప్రక్కన కూర్చునేవారికి కూడా ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది. రెప్పపాటు కన్న తక్కువ కాలంలో విచ్చుకునే ఆ గాలిసంచి పెద్దవారి ప్రాణం కాపాడుతుంది. దాని ముందున్న పసిబిడ్డ ప్రాణం తీయగలదు. అందుచేత పిల్లల చోటు వెనుక సీటే.

వెనుకకు చూసే ఆసనం

భిలాయిలో మొదటి ఫర్నేసు వెలిగిన 1959లోనే స్వీడన్‌లో వోల్వో సంస్థ ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించిన మూడు బిందువుల సీటు బెల్టు కార్లలోకి వచ్చింది. ఆ సంస్థ దానిని ఇతర తయారీదారులందరూ వాడుకొనడానికి అనుమతించింది. కాని ఆ బెల్టు పెద్దవారి భుజానికీ, తుంటికీ సరిపోయేది. చిన్నపిల్లలకు అది మెడమీదికీ, మెత్తని పొట్టమీదికీ జారుతుంది.

ఆ దేశీయుడే అయిన బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ఆచార్యుడు ఈ సమస్యను గురించి ఆలోచించాడు. అమెరికా జెమినీ వ్యోమగాములు రాకెట్టు పైకెగిరేటప్పుడు వెల్లకిల పడుకొని, ఆ ఒత్తిడిని వీపంతటా పంచుకోవడం ఆయనకు దారి చూపింది. బిడ్డ ముఖం కారు వెనుకవైపుకు ఉండేటట్లు ఆయన రూపొందించిన ఆసనాన్ని 1964లో పరీక్షించారు. దీనిలోని కిటుకు సులువైనది. పుట్టిన బిడ్డ తల, శరీరం పొడవులో సుమారు నాలుగవ వంతు. పెద్దవారి తల ఏడెనిమిదవ వంతు మాత్రమే. బరువైన తలనూ, లేతమెడనూ ముందుకు విసరనివ్వకుండా ఆ ఆసనం బిడ్డ తల, మెడ, వీపులను ఒక్కటిగా అరచేతిలో వలె పట్టి ఉంచుతుంది.

కాబట్టి పసిబిడ్డలను వెనుకకు చూసే ఆసనంలోనే కూర్చోబెట్టాలి. కనీసం పదిహేను నెలలు వచ్చేవరకు, ఆసనం కొలతలు అనుమతిస్తే ఇంకా ఎక్కువకాలం అలాగే ఉంచడం మేలు. ఆ తరువాత అయిదు పట్టీలుండి ముందుకు చూసే ఆసనం. అది చాలనంత ఎదిగిన పిల్లలకు బెల్టు సరైన చోట పడేటట్లు ఎత్తుపెంచే బూస్టరు సీటు. సుమారు 135 నుండి 150 సెంటీమీటర్ల ఎత్తు వచ్చిన తరువాతనే పెద్దల బెల్టు ఒక్కటీ చాలుతుంది. ఆసనాన్ని బిగించిన తరువాత బెల్టు పోయేచోట పట్టుకొని గట్టిగా లాగి చూడండి. రెండున్నర సెంటీమీటర్లకు మించి కదలకూడదు. పిల్లల ఆసనాల వాడకం వలన మరణాలు కనీసం 60 శాతం తగ్గగలవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

మన చట్టం కూడా దీనిని గుర్తించింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, పద్నాలుగేళ్ళు నిండని పిల్లలను సీటు బెల్టుతోగాని, పిల్లల ప్రత్యేక ఆసనంతోగాని భద్రపరచకుండా బండి నడిపినవారికి, నడపనిచ్చినవారికి 1000 రూపాయల జరిమానా.

క్లచ్చి లేని కారు స్వభావం

అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1939లో హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్లపెట్టెను ప్రవేశపెట్టింది. మన దేశంలో సామాన్య కుటుంబాలకు ఈ సౌకర్యం అందుబాటులోకి రావడానికి చాలాకాలం పట్టింది. 2014లో మారుతి సెలెరియో కారుతో వచ్చిన చౌకరకం ఏర్పాటు, అనగా మామూలు గేర్లపెట్టెకే క్లచ్చి పనినీ గేరు మార్చే పనినీ యంత్రం చేసిపెట్టే పద్ధతి, ఆ తలుపు తెరిచింది.

ఎడమకాలికి శ్రమ తప్పింది. ఎడమచేయి స్టీరింగు మీదనే ఉంటుంది. ట్రాఫిక్కులో డ్రైవరుకు అలసట తగ్గి, రోడ్డుమీద దృష్టి నిలుస్తుంది. ఇది నిజమైన మేలు. అయితే క్లచ్చి కారులో మనం గమనించని ఒక రక్షణ ఉండేది. దానిలో క్లచ్చి తప్పుగా వదిలితే బండి ఒక కుదుపు కుదిపి ఇంజను ఆగిపోతుంది. ఆటోమేటిక్ కారు అలా ఆగదు. ‘డి’లో గాని, ‘ఆర్’లో గాని పెట్టి బ్రేకు మీది కాలు తీస్తే చాలు, యాక్సిలరేటరు తొక్కకపోయినా చాలా కార్లు మెల్లగా పాకుతాయి. కంగారులో బ్రేకు అనుకొని యాక్సిలరేటరు తొక్కితే ఇంజను ఎదురు చెప్పదు. మరింత వేగంగా దూకుతుంది. నిమ్మకాయల పూజలో కారు ముందు ఒక్క బిడ్డ కూడా నిలబడకూడదనడానికి కారణం ఇదే.

కొత్తగా నేర్చుకునేవారికి మొదటి సూత్రం ఒక్కటే: రెండు పెడళ్ళకూ కుడికాలే. ఎడమకాలిని ఎడమప్రక్కన కదలకుండా పెట్టుకోవాలి. పాత అలవాటు చొప్పున అది క్లచ్చికోసం వెతికి బ్రేకును తొక్కిందా, కారు ఒక్కసారిగా నిలిచిపోతుంది. వెనుక నిలబడిన పిల్ల ముందుకు పడుతుంది. కారు పూర్తిగా ఆగకముందు ‘డి’ నుండి ‘ఆర్’కు మార్చకూడదు. ఖాళీ మైదానంలో నాలుగు రోజులు సాధన చేసిన తరువాతనే పిల్లలను ఎక్కించుకోవాలి.

నిలిచిన కారు నిజంగా నిలిచిందా?

కర్మాగారాలలో యంత్రాన్ని మరమ్మతు చేసే ముందు దానిని ఆపి ఊరుకోరు. కరెంటు తీసి, తాళం వేసి, ఎవరూ తిరిగి కలపకుండా హెచ్చరిక పలక తగిలిస్తారు. యంత్రం ఆగినట్లు కనబడటం వేరు, కదలడానికి వీలులేకుండా చేయడం వేరు. ఇంటి ముందు నిలిపిన కారు విషయంలోనూ ఇదే పాటించాలి.

‘పి’లో పెట్టినప్పుడు గేర్లపెట్టెలోని ఒక చిన్న ఇనుప కొక్కెం పళ్ళచక్రంలో పడి బండిని పట్టి ఉంచుతుంది. ఏటవాలులో మొత్తం బరువును ఆ కొక్కెంపై మోపడం మంచిది కాదు. కనుక బ్రేకు తొక్కి ఉంచి, ‘ఎన్’లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ఒకసారి కాలు వదిలి బరువు హ్యాండ్ బ్రేకు మీద పడనిచ్చి, మరల బ్రేకు తొక్కి ‘పి’లో పెట్టి ఇంజను ఆపాలి. మన దేశంలోని చౌకరకం ఆటోమేటిక్ కార్లు చాలవాటికి ‘పి’ అనేదే లేదు. అటువంటివాటిని గేరులో ఉంచి ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు తప్పక వేయాలి. కారుతో వచ్చిన పుస్తకంలో తయారీదారు చెప్పిన వరుసను ఒకసారి చదివి అలవాటు చేసుకోండి.

ఎండాకాలంలో మనవారు చేసే పని ఒకటున్నది. నిద్రపోతున్న బిడ్డను లేపడమెందుకని, ఇంజను నడుస్తూ ఉండగా ఏసీ వేసి, కారులోనే వదిలి దుకాణంలోకి పోతారు. బిడ్డ మేలుకొని ముందు సీటులోకి పాకి, కాలు బ్రేకుపై, చేయి గేరు కడ్డీపై పడితే చాలు, కారు కదలగలదు. క్లచ్చి కారును అలా నడపడం పసివారి కాళ్ళకు దాదాపు అసాధ్యం. దీనికి అంత బలం అక్కరలేదు. ఇంజను ఆపి వదలడమూ పరిష్కారం కాదు. మే నెలలో భిలాయి ఎండ 44 డిగ్రీలు దాటడం కద్దు. మూసిన కారులో మొదటి పది నిమిషాలలోనే వేడి మరో పది డిగ్రీలు పెరుగుతుంది. పసివారి శరీరం పెద్దవారికన్న మూడు నుండి అయిదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది. అందుచేత పెద్దలు దిగితే పిల్లలూ దిగాలి. తాళంచెవి పిల్లలకు అందని చోట ఉండాలి. ఖాళీ కారుకు ఎల్లప్పుడూ తాళం వేసి ఉంచాలి.

వెనుకకు తీసేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. 2002లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో ఒక పిల్లల వైద్యుడు తన ఇంటి వాకిట కారు వెనుకకు తీస్తుండగా, కనిపించని చోట ఉన్న రెండేళ్ళ కన్నకొడుకు చక్రాల క్రింద పడి మరణించాడు. ఆ తండ్రి, తనవంటి మరికొందరు తల్లిదండ్రులు చేసిన కృషి వలన 2008లో ఆ దేశంలో చట్టం వచ్చింది. బ్రేకు తొక్కనిదే గేరు కడ్డీ ‘పి’ నుండి కదలని ఏర్పాటు, కొత్త కార్లకు వెనుక కెమెరా దాని ఫలితాలే. మన దేశంలో 2019 జూలై నుండి కొత్త కార్లకు వెనుకవైపు హెచ్చరించే సెన్సర్లు తప్పనిసరి అయినాయి. అయినా కారు కదిలించే ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూడటానికి బదులుగా ఏ యంత్రమూ లేదు.

సాలూరు ఘాటీ దిగేటప్పుడు

పండుగలకు భిలాయి నుండి జగదల్‌పూర్, కోరాపుట్‌ల మీదుగా ఉత్తరాంధ్రలోని సొంత ఊరికి కారులో వచ్చే కుటుంబాలున్నాయి. అయిదువందల కిలోమీటర్లకు పైబడిన ఆ ప్రయాణంలో సాలూరు ఘాటీ పరీక్ష వంటిది. వాలులో ‘డి’లోనే ఉంచితే గేర్లపెట్టె పై గేరుకు మారి వేగం పెరుగుతుంది, మాటిమాటికీ తొక్కిన బ్రేకు వేడెక్కి పట్టు తప్పుతుంది. ‘ఎల్’లోగాని, చేతితో మార్చుకునే ‘ఎమ్’లోగాని పెట్టి క్రింది గేరులో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ‘ఎన్’లో పెట్టి దొర్లించడం ప్రాణాలతో చెలగాటం. ప్రతి రెండు గంటలకూ ఒకసారి ఆగి బిడ్డను ఆసనం నుండి తీసి, కాళ్ళు చేతులు ఆడించనివ్వండి. ఏడ్చినదని నడుస్తున్న కారులో పట్టీలు విప్పకండి. కారు ఆపి ఎత్తుకోండి.

పిల్లల ఆసనం ఖర్చు కారు ధరతో పోల్చితే స్వల్పం. మొదట రెండు మూడు రోజులు బిడ్డ మారాము చేస్తుంది. బయలుదేరిన ప్రతిసారీ, వీధి చివరిదాకా పోయేటప్పుడు కూడా, తప్పక కూర్చోబెడితే అదే అలవాటవుతుంది. కారు కొన్ననాడు యాక్సెసరీల పట్టికలో సీటు కవర్లకంటే ముందు దీనిని వ్రాయించండి. బిడ్డను అందులో కట్టి, పట్టీ లాగి చూసిన తరువాతనే బ్రేకు మీది కాలు తీయండి.