మొలకలో మెలిక

రాత్రి పెసలు నానబెట్టడం, పొద్దున నీళ్లు వంపేసి పలుచని గుడ్డలో మూటగట్టడం, మర్నాడు తెల్లటి తోకలొచ్చాయా లేదా అని విప్పి చూసుకోవడం... చాలా ఇళ్లలో ఇదో అలవాటు. పొద్దున్నే నడక ముగించుకుని పార్కు గేటు దగ్గర మొలకల కప్పు కొనుక్కుని తినేవాళ్లూ ఎక్కువే. పోషకాల విషయంలో మొలకలకు వంకపెట్టడానికేమీ లేదు. పేచీ అంతా పచ్చిగా తినడంతోనే. ఆ సంగతి 2011లో జర్మనీకి బాగా తెలిసొచ్చింది.

కీరా మీద నింద

ఆ ఏడాది మే నెలలో హాంబర్గ్ చుట్టుపక్కల ఆసుపత్రులకు నెత్తుటి విరేచనాలతో జనం రావడం మొదలైంది. వందలమందికి కొద్దిరోజుల్లోనే కిడ్నీలు దెబ్బతిన్నాయి. మామూలుగా ఇలాంటి ఇబ్బంది పసిపిల్లల్లో ఎక్కువ. ఇక్కడ మాత్రం రోగుల్లో చాలామంది పెద్దవాళ్లు, అందులోనూ ఆడవాళ్లు. కారణం ఇ.కొలై ఓ104 అనే అరుదైన బ్యాక్టీరియా.

అది ఏ తిండితో వచ్చినట్టు? స్పెయిన్ నుంచి వచ్చిన కీరాలతోనేనని హాంబర్గ్ అధికారులు ప్రకటించేశారు. ఇంకేముంది, స్పెయిన్ రైతుల పంట కొనే నాథుడే లేకపోయాడు. తీరా పరీక్షిస్తే ఆ కీరాల మీద ఉన్నది వేరే రకం ఇ.కొలై!

రోగుల్ని అడిగితే టమాటా, కీరా, సలాడ్ ఆకులు అన్నారే తప్ప మొలకల మాట ఎత్తినవాళ్లు తక్కువ. పైన అలంకారానికి చల్లిన నాలుగు మొలకలు ఎవరికి గుర్తుంటాయి? దాంతో పరిశోధకులు దారి మార్చారు. ఒక రెస్టారెంట్లో భోంచేసిన బృందాలు ఏమేం తెప్పించుకున్నాయో రాసుకుని, ఏ వంటకంలో ఏం వేశారో వంటవాళ్లనే అడిగారు. మొలకలు తిన్నవాళ్లకు జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే 14 రెట్లు ఎక్కువని తేలింది. వేర్వేరుచోట్ల జబ్బుపడిన 41 గుంపుల ఆచూకీ తీస్తే, దారులన్నీ బీనెన్‌బ్యూటెల్ అనే ఊళ్లోని మొలకల కేంద్రం దగ్గరే కలిశాయి. జూన్‌లో ఫ్రాన్స్‌లోని బోర్డో దగ్గరా కొందరు జబ్బుపడ్డారు. రెండుచోట్లకూ ఉమ్మడి లంకె... 2009లో ఈజిప్టు నుంచి దిగుమతైన మెంతులు. అప్పటికే దాదాపు 4,000 మంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా ప్రాణాలు పోయాయి.

గింజలోనే మకాం

పొలంలో పశువుల ఎరువు నుంచో మురికినీటి నుంచో గింజకు అంటుకున్న బ్యాక్టీరియా, పొట్టు పగుళ్లలో దూరి నెలల తరబడి చావకుండా ఉండగలదు. మనం నానబెట్టి, వెచ్చగా, తడిగా ఉంచుతామే... మొలకకు కావలసిన ఆ వాతావరణమే దానికీ కావాలి. రెండుమూడు రోజుల్లో పదులు కాస్తా లక్షలవుతాయి. రంగు మారదు, వాసన రాదు.

అందుకే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1999లో మొలకల వ్యాపారులకు ఓ పద్ధతి సూచించింది. లీటరు నీటికి దాదాపు 20 గ్రాముల కాల్షియం హైపోక్లోరైట్ కలిపిన ద్రావణంతో గింజల్ని శుద్ధి చేయాలి. మొలకెత్తేటప్పుడు వాటిమీద పోసిన నీటిని పట్టి పరీక్షించాలి. అంత ఘాటు మందు కూడా పగుళ్ల లోపలికి పూర్తిగా వెళ్లదు కాబట్టే ఆ రెండో జాగ్రత్త. ఇది ఇళ్లలో చేయదగ్గ పని కాదు.

మరి ఇంట్లో? ‘మేం శుభ్రంగా చేసుకుంటాం’ అనే ధీమా సగమే నిజం. గుడ్డ, గిన్నె, చేతులు శుభ్రంగా ఉండాల్సిందే కానీ, గింజతోపాటే వచ్చినదాన్ని అవేం చేయగలవు? కడిగినా పూర్తిగా పోదు. ఫ్రిజ్‌లో పెడితే పెరగడం నెమ్మదిస్తుందంతే. వేడి ఒక్కటే దాన్ని చంపుతుంది. చిన్నపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్లు పచ్చి మొలకలు అసలు తినొద్దన్నది నిపుణుల మాట. విటమిన్ సి కొంత పోతుందనుకున్నా, మాంసకృత్తులు, పీచు ఎక్కడికీ పోవు.

మొలకెత్తిన పెసల్ని పొగలు కక్కేలా ఉడికించి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టి, దించాక నిమ్మకాయ పిండితే గుగ్గిళ్లు సిద్ధం. షుగరుందని పొద్దున్నే మెంతి మొలకలు నమిలేవాళ్లు, వాటినీ పప్పులోనో కూరలోనో వేసి ఉడికించుకోవచ్చు. చేదు కూడా కాస్త తగ్గుతుంది.