వార్తల్లో పదం: థంబ్‌నెయిల్

చలికాలం వచ్చిందంటే వంజంగి మేఘాలు, బొర్రా గుహలు, అరకు వలిసెపూల తోటలు వందలకొద్దీ ఫొటోలై కంప్యూటర్లలోకి చేరతాయి. ఆ ఫోల్డర్ తెరవగానే పైన ఆకుపచ్చ గీత నత్తనడకన కదిలి, ‘నాట్ రెస్పాండింగ్’ అంటూ తెర బిగుసుకుపోతే, చాలామంది వైరస్ అనుకుని కంగారుగా ఫార్మాట్ కొట్టించేస్తారు. తొందరపడొద్దు.

ఫోల్డర్‌లో కనిపించే బుల్లి బొమ్మలే థంబ్‌నెయిల్స్. వాటిని గీయడానికి విండోస్ ప్రతి ఫొటోనూ విప్పి చూస్తుంది. కాపీ అవుతుండగా కరెంటు పోయినా, మధ్యలో మెమరీ కార్డు లాగేసినా ఫైలు సగంలో తెగిపోవచ్చు. అలాంటిదొక్కటి చాలు, ఒక్కోసారి ఫోల్డర్ మొత్తం కూలబడుతుంది. ఎక్కడెక్కడివో కోడెక్ ప్యాకులు (ఫొటోలు, వీడియోలు తెరిచే అదనపు సాఫ్ట్‌వేర్) ఎక్కించుకున్నా ఒక్కోసారి ఇదే తంతు.

ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ కింద ‘ఆల్వేస్ షో ఐకాన్స్, నెవర్ థంబ్‌నెయిల్స్’ టిక్ చేయండి. ఫోల్డర్ తెరుచుకుంటే దోషం బొమ్మలదేనన్న అనుమానం బలపడుతుంది. ముందు అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఆపై సగం ఫొటోలను వేరే ఫోల్డర్‌లోకి మార్చి, టిక్ తీసి చూడండి. కూలిన సగాన్ని మళ్లీ సగం చేస్తూ పోతే దొంగ దొరుకుతాడు. డిస్క్ క్లీనప్‌లో పాత థంబ్‌నెయిల్స్ కూడా తుడిచేయండి.

ఫైలు చెడకపోయినా ఒక్కోసారి ముప్పు తప్పదు. 2020లో అమెరికాలోని సెయింట్ మేరీ సరస్సు ఫొటోను వాల్‌పేపర్‌గా పెట్టుకున్న కొన్ని ఆండ్రాయిడ్ 10 ఫోన్లు ఆగకుండా రీస్టార్ట్ అయ్యాయి. కారణం ఆ ఫొటోలోని కలర్ ప్రొఫైల్, అంటే రంగులను ఎలా చూపాలో చెప్పే సమాచారం. కంప్యూటర్‌లో అన్ని ఫోల్డర్లూ కూలుతుంటే మాత్రం ర్యామ్‌నో హార్డ్‌డిస్క్‌నో కూడా అనుమానించాలి.