నిలబడ్డ చోటే వణికే ఇంజన్

రోడ్డెక్కితే అరవై కిలోమీటర్ల వేగంతో హాయిగా సాగే పాత అంబాసిడర్, సిగ్నల్ దగ్గర ఆగగానే ఒళ్ళంతా వణికిపోతుంది. పల్లంలో యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో టప్పుమని పేలుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే చాలాచోట్ల స్క్రూడ్రైవర్ ముందుగా పోయేది కార్బ్యురేటర్ మీదికే. స్క్రూ అర తిప్పు తిప్పగానే వణుకు కాస్త సర్దుకుంటుంది, నాలుగు రోజులకే మళ్ళీ మొదలవుతుంది. నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: ఆ స్క్రూ మీద చెయ్యి వేయాల్సింది అన్నీ చూశాక, ఆఖరున. ఎందుకో అర్థం కావాలంటే ఆ పరికరం పుట్టుక నుంచి రావాలి.

పెట్రోలు మండాలంటే ఆవిరై గాలితో కలవాలి, అదీ లెక్క ప్రకారం. బరువులో ఒక పాలు పెట్రోలుకు దాదాపు 14.7 పాళ్ళ గాలి. 1885లో కార్ల్ బెంజ్ మూడు చక్రాల బండిలో గాలి ఇంధనం పైభాగాన్ని రాసుకుంటూ పోయి ఆవిరిని మోసుకెళ్ళేది. ఎండ ముదిరినా, చలి పెరిగినా, బండి కుదిపినా పాళ్ళు మారిపోయేవి. 1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్, హంగరీలో డొనాట్ బాంకీ, యానోష్ చోంకా ఎవరికి వారే మరో దారి పట్టారు: పెట్రోలును సన్నని రంధ్రం గుండా గాలిలోకి చిమ్మించడం. దాని వెనకున్న సూత్రం అంతకు వందేళ్ళ నాటిది. ఇరుకు గొట్టంలో ప్రవాహం వేగం పెరిగి పీడనం పడిపోతుందని ఇటలీ శాస్త్రవేత్త వెంచురీ 1797లో ప్రచురించాడు. గాలి ఎంత జోరుగా పోతే పెట్రోలు అంత ఎక్కువగా లాక్కుంటుంది. మోటారు లేదు, తీగ లేదు, లెక్కంతా రంధ్రాల కొలతల్లోనే ఉంది. ఇంత తక్కువ సామానుతో ఇంత పని చేసిన పరికరాలు యంత్రాల చరిత్రలో అరుదు.

కానీ ఐడిలింగ్‌లో ఈ సూత్రం చేతులెత్తేస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే థ్రాటిల్ పలక దాదాపు మూసుకుంటుంది. ఇరుకులో గాలి నడక మందగించి పెద్ద జెట్టు నుంచి చుక్క కూడా రాదు. అందుకే సోలెక్స్ తరహా కార్బ్యురేటర్లలో ఐడిలింగ్ కోసం విడిగా ఓ చిన్న జెట్టు, పలక అంచు కింద ఓ సన్నని రంధ్రం పెట్టారు. పలక అవతల మానిఫోల్డ్‌లో ఏర్పడే వాక్యూమ్ అక్కడి నుంచి పెట్రోలును పీలుస్తుంది. బండి నెలల తరబడి కదలకపోతే ఆవిరైన పెట్రోలు వదిలిన జిగురు ముందుగా పూడ్చేసేది ఈ చిన్న జెట్టునే.

నిమిషానికి 800 తిరుగుళ్ళ మీద నాలుగు సిలిండర్లూ కలిసి సెకనుకు దాదాపు 27 సార్లు మండుతాయి. లోపలికి వచ్చేది కొద్దిపాటి మిశ్రమం, దానిలో బయటికి పోని పాత పొగ కూడా కలిసి ఉంటుంది. మంట అంటుకోవడమే కష్టమైన ఆ స్థితిలో ఏ గాస్కెట్ సందు నుంచో దొంగగాలి దూరితే మిశ్రమం పలచబడి సిలిండర్ మిస్సింగ్ కొడుతుంది. రోడ్డు మీద ఇంజన్ పీల్చే గాలితో పోలిస్తే ఆ దొంగగాలి ఎంత? లెక్కలోకి రాదు. వేగంలో బాగుండి, నిలబడితే వణికే బండిలో నేను ముందుగా అనుమానించేది ఎయిర్ లీకునే.

అంబాసిడర్‌ను చాలా ఏళ్ళు నడిపిన 1489 సీసీ బీఎంసీ ఇంజన్‌లో దీన్ని పట్టుకోవడానికి చక్కని ఆధారం ఉంది. నాలుగు సిలిండర్లకు గాలి వచ్చే దారులు రెండే: ఒకటీ రెండుకు ఒకటి, మూడూ నాలుగుకు మరొకటి. ప్లగ్గులు విప్పి వరసగా పెట్టండి. పింగాణీ ముక్కు లేత గోధుమరంగులో ఉంటే మంట సరిగ్గా ఉన్నట్టు. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే గాలి ఎక్కువైనట్టు. పక్కపక్క రెండు ప్లగ్గులు మాత్రమే తెల్లబడి ఉంటే వాటి దారి దగ్గర గాస్కెట్ చూడాలి. నాలుగూ తెల్లబడితే కార్బ్యురేటర్ అడుగు గాస్కెట్, అరిగి వదులైన థ్రాటిల్ కడ్డీ, పగిలిన వాక్యూమ్ గొట్టం చూడాలి. ఇంజన్ తిరుగుతుండగా అనుమానమున్న అతుకు మీద నాలుగు చుక్కల ఇంజనాయిల్ వేసి శబ్దం మారుతుందేమో వినవచ్చు. పెట్రోలు మాత్రం వద్దు. ఈ ఇంజన్‌కు గాలి లోపలికి వెళ్ళే మానిఫోల్డ్, కాలుతుండే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఒకే పక్కన ఉంటాయి.

వాక్యూమ్ గేజి ఉంటే పని ఇంకా తేలిక. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ సముద్రమట్టం దగ్గర 17 నుంచి 21 అంగుళాల మధ్య ముల్లు కదలకుండా చూపిస్తుంది. విశాఖలో 19 చూపిన బండి, అయిదు వందల మీటర్లకు పైగా ఎత్తున్న హైదరాబాద్‌లో 17 చూపితే కంగారు పడనక్కర్లేదు, గాలి పీడనమే తక్కువ. ముల్లు నిలకడగానే ఉండి మరీ కింద ఉంటే లీకో, టైమింగ్ వెనకబడడమో కారణం. లయగా ఒకేచోట తటాలున పడి లేస్తుంటే ఏదో వాల్వ్ మూసుకోవడం లేదన్నమాట.

ఇక సైలెన్సర్ పేలుడు. సిలిండర్‌లో మండని మిశ్రమం బయటికి వచ్చి, వేడి గొట్టంలో గాలి తోడై అంటుకోవడమే అది. పేలుడు కార్బ్యురేటర్ వైపు నుంచి వస్తే కథ వేరు, ప్లగ్ వైర్లు తారుమారవడమో ఇన్లెట్ వాల్వ్ కారడమో చూడాలి. సైలెన్సర్‌లో వస్తే స్పార్క్ దగ్గర మొదలుపెట్టాలి. చార్లెస్ కెటరింగ్ 1910 క్యాడిలాక్ కార్లకు అందించిన బ్యాటరీ ఇగ్నిషన్ పద్ధతే అంబాసిడర్‌దాకా నడిచింది. అందులో పాయింట్ల మడమ అరిగేకొద్దీ సందు తగ్గుతుంది, స్పార్క్ ఆలస్యమవుతుంది. ఆలస్యంగా రాజుకున్న మంట ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునేసరికి ఇంకా మండుతూనే ఉంటుంది. సందు 0.015 అంగుళం ఉందో లేదో ఫీలర్ గేజితో చూసి, ఆ తర్వాతే టైమింగ్ సరిచేయాలి. పాయింట్లు నల్లగా కాలి ఉంటే కండెన్సర్ కూడా మార్చాలి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు మాత్రమే పేలుతుంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, గొట్టం కలిసే క్లాంప్ బిగించి చూడండి. పొగ విడతలు విడతలుగా పోతుంది కాబట్టి, విడతకూ విడతకూ మధ్య ఆ సందు బయటి గాలిని లోపలికి లాగుతుంది.

వాల్వుల సంగతి కొంచెం నింపాదిగా చెప్పాలి. ఈ ఇంజన్లు తయారైంది సీసం కలిపిన పెట్రోలు రోజుల్లో. ఇనుప సీటు మీద ఎగ్జాస్ట్ వాల్వ్ పడిన ప్రతిసారీ సీసపు పూత మధ్యలో మెత్తలా పనిచేసేది. సీసం విషం, దాన్ని తీసేయాల్సిందే. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చింది. గట్టి సీట్లు వేయించని పాత ఇంజన్లలో సీటు నెమ్మదిగా అరుగుతూ వాల్వ్ పైకి జరుగుతుంది, టాపెట్ సందు మాయమవుతుంది. చప్పుడు తగ్గిందని యజమాని సంతోషిస్తాడు. నిజానికి అప్పటికి వాల్వ్ పూర్తిగా మూసుకోవడం మానేసి ఉంటుంది. కంప్రెషన్‌లోనే మిశ్రమం సైలెన్సర్‌లోకి కారిపోతుంది, వాల్వ్ అంచు కాలిపోతుంది. అలాంటి ఇంజన్‌ను ఏ స్క్రూ తిప్పీ బాగుచేయలేం, హెడ్ దించాల్సిందే.

ఇప్పుడు ఇంధనం మరోసారి మారింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023లో బంకుల్లోకి వచ్చింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కనుక దీనికి కావాల్సిన గాలి తక్కువ, సుమారు 13.5 పాళ్ళు. పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ ఉన్న ఇంజెక్షన్ కారు తనంతట తానే పెట్రోలు పెంచుకుంటుంది. కార్బ్యురేటర్‌కు రంధ్రం కొలత తప్ప మరేమీ తెలియదు, కాబట్టి పాత సెట్టింగు మీద మిశ్రమం పలచబడుతుంది. పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రమ్ కూడా ఇథనాల్‌కు ఉబ్బి చీలుతాయి, వాటిని ముందే మార్పించాలి. ప్లగ్గులు, పాయింట్లు, టాపెట్లు, అతుకులు అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక, బాగా వేడెక్కిన ఇంజన్ మీద ఇప్పుడు ఆ స్క్రూ పట్టుకోవచ్చు. తిరుగుడు తడబడేదాకా లోపలికి, మళ్ళీ నిలకడగా పైకెక్కేదాకా బయటికి తిప్పాలి. అది సరిచేసేది ఐడిలింగ్‌ను మాత్రమే. రోడ్డు మీద కూడా ప్లగ్గులు తెల్లబడుతుంటే పెద్ద జెట్టును ఒక సైజు పెంచి, వంద కిలోమీటర్లు నడిపి, ప్లగ్గులు మళ్ళీ విప్పి చూడాలి.