పొగ రంగు చూశాకే బేరం

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి ఫ్రెండ్స్ పిలిస్తే నేను పెట్టే షరతు ఒక్కటే: నేనొచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. రాత్రంతా ఆగిన బండిలో వాల్వ్ సీళ్లు అరిగుంటే, లోపలికి దిగిన ఆయిల్ స్టార్ట్ చేయగానే నీలం పొగై బయటపడుతుంది. ముందే వేడెక్కిస్తే ఆ గుట్టు దాగిపోతుంది. అమ్మేవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు!

పొద్దున్నే కాసేపు తెల్లటి ఆవిరి, నాలుగు నీటి చుక్కలు మామూలే. వేడెక్కాక కూడా చిక్కటి తెల్లపొగ, తియ్యటి వాసన వస్తుంటే కూలెంట్ కాలుతున్నట్టే. హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి. నేనైతే బేరమే ఆడను. పెట్రోల్ బండికి నల్లపొగ కాస్త నయం, ఒక్కోసారి ఎయిర్ ఫిల్టర్ మారిస్తే సరిపోతుంది.

ఎగ్జాస్ట్ పైపు చిల్లుపడి బర్రుమంటుంటే మాత్రం ఏసీ వేసుకుని అందులో నిద్రపోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే బండి ఆపి బయటికొచ్చేయండి.