పేరు చాలని నేరము

ప్రభుత్వమే ప్రజలను సంహరించినచో ఆ నేరమునకు పేరేమి? గ్రీకు, లాటిను మాటలను జోడించి 1944లో పోలెండు న్యాయవాది రాఫెల్ లెమ్కిన్ ‘జెనోసైడ్’ అను పదమును కల్పించెను. దానినే మనము జాతిసంహారమందుము. 1948 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక జాతీయత, తెగ, జాతి, మతములను బట్టి ఒక సమూహమును నాశనము చేయ సంకల్పించుటకే ఆ పేరు నిచ్చినది. రాజకీయ పక్షములను విడిచినది. ఈ లోపము చిన్నది కాదని మాకు తోచుచున్నది.

కంబోడియాను చూడుడు. 1975-79 నడుమ ఖ్మేర్ రూజ్ పాలనలో సుమారు 17 లక్షలమంది హత్యలకును, ఆకలికిని, రోగములకును బలియైరి. అధికులు పాలకుల జాతివారే! కావున 2018లో అచటి న్యాయస్థానము చామ్‌ల, వియత్నామీయుల విషయముననే జాతిసంహారమనెను. తక్కినవి మానవత్వముపై నేరములు. అమెరికా పండితుడు రమ్మెల్ ప్రభుత్వములు చేయు హత్యలన్నిటికిని ‘డెమోసైడ్’ అను వేరుపేరు పెట్టియుండెను.

మృతుల సంఖ్యను జనాభాలోని లోటును బట్టియు, సామూహిక సమాధులను బట్టియు గణింతురు. తువోల్ స్లెంగ్ చెరసాలవారు మాత్రము ఖైదీల ఛాయాచిత్రములను తామే తీసి దాచిరి.