లైన్ మారకపోతే అర్థమే మారిపోతుంది!



మా కోడింగ్ క్లబ్‌లో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు వాళ్ళ అమ్మమ్మ కోసం మందులు గుర్తుచేసే యాప్ తయారుచేసింది. ఎంఐటీ యాప్ ఇన్వెంటర్‌లో మందు పేరు, గంట, మాత్రల సంఖ్య మూడింటినీ జాయిన్ బ్లాక్‌తో కలిపి ఒక లేబుల్‌లో పెట్టింది. ఇంట్లో చూపిస్తే అమ్మమ్మ అడిగిన మాట: "ఇదేంటే, షుగర్ మాత్ర రాత్రి 81 అంటోంది?"

రాత్రి 8 గంటలకు, 1 మాత్ర అని పాప ఉద్దేశం. యాప్‌లో ఏ ఎర్రరూ రాలేదు. లైన్ మాత్రం మారలేదు, అంతే!

ఎందుకిలా జరిగింది?

జాయిన్ బ్లాక్ మనమిచ్చిన వాటిని ఉన్నవి ఉన్నట్టు అతికిస్తుంది. మధ్యలో ఖాళీ గానీ, కొత్త లైన్ గానీ తనంతట తాను పెట్టదు. నోట్‌బుక్‌లో అయితే చెయ్యి కిందికి జరిపితే చాలు. కంప్యూటర్‌కి మాత్రం "ఇక్కడ లైన్ మార్చు" అనేది కూడా ఒక అక్షరమే, కంటికి కనిపించని అక్షరం. ఆస్కీ పట్టికలో దాని నంబర్ 10, పేరు లైన్ ఫీడ్. పాత టెలిప్రింటర్లలో కాగితాన్ని ఒక లైన్ జరపడానికి పంపిన సంకేతమే అది.

పిల్లలకు ఏం నేర్పించాం?

1. మామూలు లేబుల్ అయితే, లైన్ మారాల్సిన చోట బ్యాక్‌స్లాష్, దాని పక్కనే ఇంగ్లీష్ చిన్న ఎన్ టైప్ చేసిన టెక్స్ట్ బ్లాక్ పెట్టాలి. ఆ గుర్తులు స్క్రీన్ మీద కనిపించవు, లైన్ మారుతుంది.

2. కొన్ని మాటలు బోల్డ్‌లో, రంగులో కావాలంటే లేబుల్‌కి హెచ్‌టీఎంఎల్ ఫార్మాట్ ఆన్ చేస్తాం. అప్పుడు పై పద్ధతి పనిచేయదు. యాంగిల్ బ్రాకెట్ల మధ్య బీఆర్ అని రాయాలి. పిల్లలు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

3. పెద్ద క్లాసుల్లో ఆండ్రాయిడ్ స్టూడియోకి వెళ్ళినప్పుడు, స్ట్రింగ్స్ ఫైల్‌లో ఎంటర్ కొడితే సరిపోదు. అది ఒక ఖాళీగానే మిగులుతుంది. అక్కడ కూడా బ్యాక్‌స్లాష్ ఎన్ రాయాల్సిందే.

ఇంకో జాగ్రత్త: వాక్యం మధ్యలో లైన్ విరగ్గొట్టకూడదు. పెద్దవాళ్ళు ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుంటారు. అప్పుడు లైన్లు వాటంతట అవే మడతపడతాయి, దానికి మనం పెట్టినవి కూడా తోడైతే మాటలు ముక్కలవుతాయి. ఒక విషయం పూర్తయ్యాకే లైన్ మార్చాలి.

ఇప్పుడు ఆ పాప యాప్‌లో ఇలా కనిపిస్తోంది:

షుగర్ మాత్ర
సమయం: రాత్రి 8 గంటలు
మాత్రలు: 1

ఇంట్లో మీరు చేయగలిగింది: మీ బాబు లేదా పాప చేసిన యాప్‌ని ముందుగా ఇంట్లో పెద్దవాళ్ళ చేతికివ్వండి. ఏమీ వివరించకుండా చదవమనండి. వాళ్ళు ఎక్కడ ఆగి "ఇదేంటి?" అని అడుగుతారో, సరిచేయాల్సింది అక్కడే. కోడ్ రన్ అయితే చాలదు, చదివేవాళ్ళకి అర్థం కావాలి. నా ఇంగ్లీష్ క్లాసులో పేరాగ్రాఫ్ గురించి చెప్పేదీ ఇదే!

— మీ పిల్లల టీచర్