కంప్యూటరు మేస్త్రీ – ఆప్ సంత

నేటి విద్యార్థి చేతిలో పుస్తకము లేకపోవచ్చును గాని ఫోను లేకపోవుట అరుదు. ఆ ఫోనును, కంప్యూటరును నడుపునది ఆపరేటింగ్ సిస్టమ్. ఆ పేరు వినని వారుండరు. అది చేయు పని యేమో, క్రొత్తది వచ్చినప్పుడెల్ల ఇన్ని అభిప్రాయములు ఏల పుట్టుచున్నవో ఆలోచించువారు కొద్దిమంది. ఆ సంగతిని ఇచట క్లుప్తముగా వివరించెదము.

నెల్లిమర్ల వారికి జూట్ మిల్లు దృష్టాంతము చాలును. మిల్లులో యంత్రములు, నార, కార్మికులు అన్నియు ఉండవచ్చును. ఏ యంత్రమునకు ఎంత నార, ఏ షిఫ్టులో ఎవరు అని పంచిపెట్టు మేస్త్రీ లేనిచో ఒక్క గోనెసంచియు బయటకు రాదు. కంప్యూటరులో ప్రాసెసరు కాలమును, మెమరీని, తెరను, ప్రింటరును పలు ప్రోగ్రాములకు పంచిపెట్టు మేస్త్రీయే ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్, ఐఓఎస్ మొదలగునవన్నియు ఈ కోవకు చెందినవే.

ఇక ఆప్ స్టోరు సంత వంటిది. 2008 జూలైలో ఆపిల్ సంస్థ ఐఫోనుకు ఒక సంతను తెరచినది. అదే సంవత్సరము అక్టోబరులో ఆండ్రాయిడ్ సంత వెలసినది. 2012లో దానికి గూగుల్ ప్లే అని పేరు మారినది. సరకంతయు ఒకేచోట దొరకుట, మోసపు సరకును కొంతవరకు ఏరివేయుట సంతవలని మేలు. అయితే సంతలో ఆశీలు తప్పదు. ఆప్‌లలో అమ్ముడగు ఆటలు, పాఠములు వంటి డిజిటల్ సరకుపై 15 నుండి 30 శాతము వరకు వసూలు చేయు పద్ధతి ఏర్పడినది. పల్లెసంతలో ఆశీలు హెచ్చైనచో రైతు మరియొక సంతకు పోవచ్చును. ఫోను సంతలో ఆ వెసులుబాటు తక్కువ. మన దేశపు కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌పై ఆండ్రాయిడ్ విషయమున 1,337.76 కోట్ల రూపాయలు, ప్లే స్టోరు విషయమున 936.44 కోట్ల రూపాయలు జరిమానా విధించినది. రెండవదానిని అప్పిలేట్ ట్రిబ్యునల్ 2025 మార్చిలో 216.69 కోట్లకు తగ్గించినది.

ప్రజాభిప్రాయమునకు విలువ లేదని తలంపరాదు. 2012 అక్టోబరులో వచ్చిన విండోస్ 8, ఆప్ స్టోరును కంప్యూటరులోనికి తెచ్చుచు, అందరికీ అలవాటైన స్టార్ట్ బటన్‌ను తొలగించినది. వాడుకరులు దానిని మెచ్చలేదు. 2013లో బటన్, 2015 జూలైలో విండోస్ 10తో స్టార్ట్ మెనూ తిరిగి వచ్చినవి. ఈ నడుమనే, 2014 ఫిబ్రవరిలో, హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ అధిపతి అయినారు.

మన భాషలకును ఇందు పాలు కలదు. 'జ్ఞా' మన కంటికి ఒక్క అక్షరము. కంప్యూటరుకు అది జకారము, విరామచిహ్నము, ఞకారము, దీర్ఘము అను నాలుగు సంకేతముల కూర్పు. 2018 ఫిబ్రవరిలో ఈ అక్షరము, కంటికి కానరాని మరియొక సంకేతముతో కలిసి సందేశములో వచ్చినచో, ఐఫోనులో ఆప్‌లు కూలిపోవుచుండెను. ఆ నెల 19న ఆపిల్ దానిని సరిదిద్దినది. జ్ఞానమునకు తొలి అక్షరమే యంత్రమునకు మింగుడు పడలేదన్నమాట! ఉర్దూ సంగతియు ఇట్టిదే. ఉర్దూ పాఠకులకు అలవాటైన నస్తాలీఖ్ లిపి ఐఫోనుకు 2017లో ఐఓఎస్ 11తో గాని అందలేదు. అంతవరకు నస్ఖ్ అక్షరములతోనే సరిపెట్టుకొనవలసి వచ్చినది.

కళాశాలలకు సంబంధించిన ముఖ్యవిషయము మరియొకటి కలదు. విండోస్ 10కి ఉచిత రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో సామాన్యముగా ముగిసినవి. విండోస్ 11కు టీపీఎమ్ 2.0 అను భద్రతా సాధనము, క్రొత్త తరము ప్రాసెసరు కావలెను. కనుక చక్కగా పనిచేయు పాత కంప్యూటర్లు పెక్కు దానికి అర్హములు కావు. వానిని తుక్కుక్రింద అమ్మివేయుటయే మార్గమా? కాదని మా అభిప్రాయము. రుసుము చెల్లించి కొంతకాలము సవరణలు పొందవచ్చును. లేదా లినక్స్‌ను నెలకొల్పవచ్చును. సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ భారతీయ భాషలతో కూడినది. హైదరాబాదు స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఇట్టి కృషియే చేసినది. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతోనే బోధన సాగుచున్నది. అయితే ట్యాలీ వంటివి విండోస్‌నే కోరును గనుక కామర్సు విద్యార్థులకై కొన్ని యంత్రములను అట్లే ఉంచుట వివేకము.

కావున కమిటీ పెద్దలు క్రొత్త యంత్రములకు ధనము వెచ్చించుటకు పూర్వము పాతవానిలో ఒకటి రెండింట లినక్స్‌ను పరీక్షించి చూడవలెనని మా మనవి. విద్యార్థి మిత్రులు ఆప్‌ను దించుకొనునప్పుడు అది ఏయే అనుమతులు అడుగుచున్నదో చదువవలెను. తెలుగులోగాని ఉర్దూలోగాని అక్షరదోషము కనబడినచో తయారీదారులకు తెలుపవలెను. విండోస్ 8 విషయమున వాడుకరులు నోరు విప్పినందువలననే బటన్ తిరిగి వచ్చినది. మన అక్షరముల కొరకు మనము నోరు విప్పనిచో మరెవ్వరు విప్పుదురు?